డాలస్ చుట్టుపక్కల మన తెలుగు రియల్టర్లకు: ఇంటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కొనేవాళ్లతో కూర్చుని చదవండి

నార్త్ టెక్సాస్‌లో మనవాళ్లకు ఇళ్లు చూపిస్తున్న, కొనిపెడుతున్న తెలుగు రియల్టర్లందరికీ నమస్కారం.

మీలో చాలామందితో నాకు ముఖపరిచయం ఉంది. గుడిలో కలుస్తాం, బతుకమ్మ దగ్గర కలుస్తాం, పిల్లల పుట్టినరోజుల్లో ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం. ఆ మొహమాటంతోనే ఇన్నాళ్లూ ఈ మాట ఎవరితోనూ అనలేదు. పోయిన నెల మా దూరపు బంధువుల అబ్బాయి, పెళ్లయి ఏడాది కాలేదు, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టి నాకు ఫోన్ చేశాడు. “ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదని మా రియల్టర్ అంటున్నారు పిన్నీ, నిజమేనా?” అని అడిగాడు. కొనేముందు ఇల్లంతా లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ చేయించుకోవడం గురించి వాడు అడుగుతున్నది. మేం ఇల్లు కొన్నప్పుడు నేను విన్న మాటే. ఇక రాయక తప్పదనిపించింది.

మేం 2021లో కొత్త ఇల్లు కొన్నాం. ఆ ఏడాది ఎలా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు. బిల్డర్ దగ్గర వెయిటింగ్ లిస్టు, చూస్తుండగానే పెరిగే ధర, ఈరోజు సంతకం పెట్టకపోతే రేపు ఆ స్థలం (లాట్) ఉండదేమోనన్న టెన్షన్. క్లోజింగ్‌కి, అంటే ఇల్లు మా పేరున రాసిచ్చే రోజుకి, ముందు ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుందామా అని మా రియల్టర్‌ని అడిగాను. “కొత్త ఇల్లు కదక్కా, సిటీవాళ్లు చూసి వెళ్లారు, బిల్డర్ వారంటీ ఉంది. ఐదొందల డాలర్లు ఎందుకు దండగ? ఆ డబ్బుతో కిటికీలకు బ్లైండ్స్ వేయించుకోండి” అన్నారు. మంచి మనిషే. ఇప్పటికీ కలిస్తే బాగా మాట్లాడుకుంటాం. ఆయన మాట విని బ్లైండ్స్ వేయించుకున్నాం.

మరుసటి వేసవికి మా అత్తగారూ మామగారూ వచ్చారు. మేడమీద మా అమ్మాయి గది వాళ్లకిచ్చాం. మా అత్తగారు పల్నాడు ఎండల్లో పుట్టి పెరిగిన మనిషి, వేడికి అంత తేలిగ్గా చలించరు. వారం తిరక్కుండా “ఈ గది ఉడికిపోతోందమ్మా” అని దుప్పటి తెచ్చుకుని కింద హాల్లో పడుకోవడం మొదలుపెట్టారు. బిల్డర్‌కి చెబితే ఏసీ మనిషిని పంపించాడు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ థర్మోస్టాట్ చూసి, మేడమీద గదులు కాస్త వేడిగానే ఉంటాయని చెప్పి వెళ్లిపోయాడు. మా అమ్మాయి అప్పటికే ఎన్నో రాత్రులు అరకొరగా ఆ గదిలో నిద్రపోయిందన్నమాట. నాలుగేళ్ల పిల్ల, దానికి చెప్పడం తెలియలేదు.

మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది, ఏడాది వారంటీ అయిపోయేలోపు, పదకొండో నెలలో ఒక ఇన్‌స్పెక్షన్ చేయించుకొమ్మని. చేయించాం. వచ్చినాయన దాదాపు అరవై ఏళ్ల మనిషి. మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని ఆటిక్‌లోకి, అంటే ఇంటి కప్పు కింద అటకలాంటి చోటికి, ఎక్కాడు. సెప్టెంబరు నెల, ఆటిక్‌లో ఒక్క నిమిషం నిలబడలేని వేడి. పావుగంటకు నిచ్చెన మీదనుంచి నన్ను పిలిచి ఫోన్లో ఫోటో చూపించాడు. ఏసీ గాలి తెచ్చే వెండిరంగు డక్ట్ గొట్టం ఒకటి దాని మూతి నుంచి ఊడి ఇన్సులేషన్ మీద వాలిపోయి ఉంది. దాన్ని బిగించాల్సిన ప్లాస్టిక్ పట్టీ వదులుగా వేలాడుతోంది. “ఇంత వేడిలో ఆ మూల ఒక్కటే చల్లగా ఉందమ్మా, మీరు డబ్బులు కట్టి ఆటిక్‌ని చల్లబరుస్తున్నారు” అన్నాడు. మా అమ్మాయి గదికి రావాల్సిన గాలి పదకొండు నెలలు అక్కడికి పోయింది. తర్వాత దాన్ని బిగించడానికి పట్టింది ఇరవై నిమిషాలు.

ఆ రోజు ఆయన ఇంకా చాలా రాశాడు. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గొట్టం బయటికి పోకుండా ఆటిక్‌లోనే ఆగిపోయింది. అంటే స్నానం చేసిన ఆవిరంతా పైన చెక్కలకే పడుతోంది. వంటింట్లో స్టవ్ వెనక యాంటీ-టిప్ బ్రాకెట్ లేదు. అది చిన్న ఇనుప ముక్క. అది లేకపోతే తెరిచిన ఓవెన్ తలుపు మీద పిల్లలు ఎక్కినప్పుడు స్టవ్ మొత్తం ముందుకు ఒరిగిపోతుంది, పైనున్న గిన్నెలతో సహా. ఆ మాట చదివాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అమ్మాయి ఎన్నిసార్లు ఆ తలుపు పట్టుకుని లాగి ఆడుకుందో నాకు తెలుసు.

ఇవేవీ సిటీ ఇన్‌స్పెక్టర్ కంట పడలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చూసేది కోడ్ (ఇళ్లు కట్టే నిబంధనలు) ప్రకారం ఉందా లేదా అని, అదీ రోజుకి అన్ని ఇళ్లు తిరుగుతూ. ఆయన నా తరఫు మనిషి కాదు. సిటీ పరిధి దాటి కడుతున్న కమ్యూనిటీల్లో చాలాచోట్ల ఆ చూసేవాళ్లని కూడా బిల్డరే పెట్టుకుంటాడు. ఇంకో సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. ఈ రాష్ట్రంలో ఇల్లు కట్టే బిల్డర్‌కి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. ఇళ్ల బిల్డర్లను అదుపు చేయడానికి 2003లో పెట్టిన రెసిడెన్షియల్ కన్‌స్ట్రక్షన్ కమిషన్‌ని కూడా 2010 నాటికి ఎత్తేశారు. ప్లంబర్‌కి లైసెన్సు కావాలి, ఎలక్ట్రీషియన్‌కి కావాలి, ఏసీ వాళ్లకి కావాలి, వాళ్లందరినీ పెట్టి ఇల్లు కట్టి అమ్మేవాడికి అక్కర్లేదు. అలాంటి చోట కొనేవాడి తరఫున ఇంట్లోకి వెళ్లి చూసే లైసెన్సున్న మనిషి ఇన్‌స్పెక్టర్ ఒక్కడే.

ఆ లైసెన్సు ఊరికే వచ్చేది కాదు. మీకు లైసెన్సు ఇచ్చే టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషనే, మనం ట్రెక్ అనేదే, వాళ్లకీ ఇస్తుంది. అప్రెంటిస్, రియల్ ఎస్టేట్ ఇన్‌స్పెక్టర్, ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్ అని మూడు మెట్లు. మొదటి రెండు మెట్ల మీదున్నవాళ్లు ఒక ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్ కిందే పనిచేయాలి. క్లాసులు, పరీక్షలు, వేలిముద్రలు, రెండేళ్లకు 32 గంటల చదువు, కనీసం లక్ష డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్. ఏమేం చూడాలి, ఏం రాయాలి అన్నదానికి స్టాండర్డ్స్ ఆఫ్ ప్రాక్టీస్ అని రాసిపెట్టిన నిబంధనలున్నాయి. ఏదైనా భాగం చూడలేకపోతే ఎందుకు చూడలేదో రిపోర్టులో చెప్పాలి. రిపోర్టు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేది కూడా కాదు, ట్రెక్ ఇచ్చిన ఫారం మీదే రాయాలి. ఇప్పుడున్న ఫారం 2022 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి అయింది.

కాలిఫోర్నియా నుంచి, జార్జియా నుంచి ఇక్కడికి మారుతున్న మనవాళ్లు ఎందరో. ఆ రెండు రాష్ట్రాల్లో హోమ్ ఇన్‌స్పెక్టర్‌కి రాష్ట్ర లైసెన్సే లేదు. అక్కడినుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఇంత ఏర్పాటు ఉందని తెలియదు. చెప్పాల్సింది మీరు. దాన్ని ‘ఫార్మాలిటీ’ అని మీరే అంటే వాళ్లింక ఎవరిని అడుగుతారు?

ఇప్పుడు రిపోర్టు సంగతి. నేను ఈ లేఖ మొదలుపెట్టింది ముఖ్యంగా దీని కోసమే.

ఆ ఫారంలో ప్రతి అంశం పక్కనా నాలుగు గళ్లుంటాయి. ఐ అంటే చూశాను, ఎన్ఐ అంటే చూడలేదు, ఎన్‌పీ అంటే ఈ ఇంట్లో అది లేదు, డీ అంటే లోపం ఉంది. మా స్నేహితురాలి కుటుంబం ప్లేనోలో పాతికేళ్ల నాటి ఇల్లు కొన్నారు. వాళ్ల ఆప్షన్ పీరియడ్, అంటే ఆప్షన్ ఫీజు మాత్రం వదులుకుని ఇల్లు వద్దనగలిగే గడువు, ఐదు రోజులు. ఇన్‌స్పెక్టర్ మూడో రోజు వచ్చాడు, రిపోర్టు నాలుగో రోజు రాత్రి వచ్చింది, యాభై పేజీల పైనే. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ తెరిచారు. వాళ్ల రియల్టర్ ఫోన్‌లో ఏమన్నారంటే, “చూశారుగా, అన్నిటికీ ఐ టిక్కుంది, బానే ఉంది.” వాళ్లు నమ్మారు. ఐ అంటే ‘బాగుంది’ అనుకున్నారు.

ఐ అంటే చూశాను అని మాత్రమే. ఒకే అంశానికి ఐ పక్కనే డీ కూడా పడుతుంది, చూశాను, లోపం ఉంది అని. వాళ్ల రిపోర్టులో ఫౌండేషన్ (పునాది) అన్నచోట రెండు గళ్లలోనూ టిక్కుంది. కింద నాలుగు వాక్యాలు కూడా రాసి ఉన్నాయి. ఇటుక గోడలో మెట్లుమెట్లుగా పగుళ్లు, రెండు పడగ్గదుల తలుపులు చట్రానికి పట్టేస్తున్నాయి, వెనకవైపు మూల కిందికి దిగినట్టుంది, స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించుకోండి. ఫౌండేషన్ ఎలా పనిచేస్తోందో ఇన్‌స్పెక్టర్ తన అభిప్రాయం రాసి తీరాలని టెక్సాస్ నిబంధన. ఆయన తన పని చేశాడు. ఆ పేజీని చదివి వినిపించినవాళ్లే లేరు. ఐదో రోజు గడిచిపోయింది. రెండేళ్లకు ఇంటి కింద పియర్లు, అంటే పునాదిని ఆపే స్తంభాలు, వేయించాల్సి వచ్చింది. ఇండియాలో పొలం అమ్మిన డబ్బు అందులోకి పోయింది.

ఇక్కడి నేల గురించి మా మామగారు చెప్పినంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. చిలకలూరిపేట దగ్గర పత్తి వేసిన మనిషి ఆయన. ఆ వేసవిలో పెరట్లో నడుస్తూ, ఫెన్స్ పక్కన విచ్చుకున్న నెర్రెలో వేలు పెట్టి చూసి, మట్టి నలిపి, “ఇది మన రేగడేనమ్మా” అన్నారు. నిజమే. డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ వైపంతా బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అనే నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. రేగడిలో గోడ లేపేటప్పుడు మన ఊళ్లో పునాది ఎంత లోతు తీస్తారో, ఎంత ఆలోచిస్తారో ఆయన చెబుతుంటే, మేం స్లాబ్ మీద, అంటే నేల మీద పోసిన కాంక్రీటు పలక మీద, కట్టిన ఇంటిని ఏమీ అడక్కుండా కొనేశామని సిగ్గేసింది. మా రిపోర్టులో కూడా గ్రేడింగ్ దగ్గర డీ ఉంది. ఒకవైపు నేల వాలు ఇంటివైపుకే ఉంది, వాన పడితే నీళ్లు వచ్చి పునాది పక్కనే నిలుస్తాయి. వారంటీ ఉంది కాబట్టి బిల్డర్‌తోనే మట్టి పోయించి వాలు సరిచేయించాం. పన్నెండో నెల దాటి ఉంటే మా చేతి డబ్బే.

వారంటీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2023లో టెక్సాస్ చట్టం మారింది. పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీ వ్యవస్థలకు రెండేళ్లు, నిర్మాణానికి ఆరేళ్లు రాతపూర్వకంగా వారంటీ ఇచ్చిన బిల్డర్ మీద లోపాలకు దావా వేసే గడువు పదేళ్ల నుంచి ఆరేళ్లకు తగ్గింది. కొనేవాడికి ఉన్న సమయం కుదించుకుపోయింది. కాబట్టి స్లాబ్ పోసేముందు, గోడల్ని మూసే షీట్‌రాక్ పలకలు కొట్టేముందు, క్లోజింగ్ ముందు, పదకొండో నెలలో చూపించుకోవడం మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం. అన్నీ చేయించుకోలేకపోతే కనీసం షీట్‌రాక్ ముందూ, క్లోజింగ్ ముందూ. గోడ మూసేశాక లోపల ఏముందో ఎంత మంచి ఇన్‌స్పెక్టరైనా చెప్పలేడు, గోడలు పగలగొట్టి చూడడం ఆయన పని కాదు. బిల్డర్ కాంట్రాక్టు బిల్డర్ రాసుకున్నది, అందులో మామూలుగా ఆప్షన్ పీరియడ్ ఉండదు. అలాంటప్పుడు ఇన్‌స్పెక్షన్‌కి ఎప్పుడు రానిస్తారో సంతకాలకు ముందే అడిగి పెట్టించాల్సింది రియల్టరే. ఆ పని మావల్ల కాదు. ఏ పేజీలో ఏముందో మాకు తెలియదు.

మీ కష్టం నాకు తెలియకపోలేదు. మనవాళ్లలో ఎక్కువమంది మిమ్మల్ని ఎంచుకునేది ఎంత రిబేట్ తిరిగి ఇస్తారన్నదాన్ని బట్టే. కమిషన్‌లో సగం పైన వెనక్కి ఇచ్చి, ఆర్నెల్లు శని ఆదివారాలు తిప్పి, చివరికి ఇన్‌స్పెక్షన్ వల్ల డీల్ పోతే మీకు మిగిలేది పెట్రోలు ఖర్చు. ఆ తప్పు మాది. ఇంటికి లక్షల డాలర్లు పెడుతూ, దాన్ని చూసిపెట్టేవాళ్ల దగ్గర బేరాలాడతాం. వాస్తు కోసం ప్లాన్ ఇండియాకి పంపి జవాబు వచ్చేదాకా ఓపికగా ఆగుతాం, నేనూ ఆగాను, అందులో తప్పేమీ లేదు. అంత ఓపికా ఇన్‌స్పెక్షన్ రోజు మూడు గంటలు ఆ ఇంట్లో ఉండడానికి కూడా ఉండాలి. అది మావైపు నేర్చుకోవాల్సింది. కొనేవాళ్లందరికీ ఈ లేఖలోనే చెబుతున్నాను, ఆ రోజు సెలవు పెట్టండి. రిపోర్టులో ఒక లైను చదవడం వేరు, ఆ మనిషి పక్కన నిలబడి ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపిస్తే చూడడం వేరు.

మీ దగ్గర నేను కోరేవి పెద్దవేం కావు. “మా ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, నేను మాట్లాడతాను” అనకండి. ముగ్గురు నలుగురి పేర్లిచ్చి, ట్రెక్ వెబ్‌సైట్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూసుకొమ్మని చెప్పండి, ఫోన్ వాళ్లనే చేసుకోనివ్వండి. ఎవరి లిస్టులోనైనా తన పేరు పెట్టించుకోవడానికి ఇన్‌స్పెక్టర్ డబ్బులివ్వకూడదని నిబంధన ఉంది. మీరెవరూ అలా తీసుకుంటున్నారని నేను అనడం లేదు. కానీ డబ్బు చేతులు మారకపోయినా, నెలకు నాలుగు ఇళ్లు ఇచ్చే మనిషిని నొప్పించకూడదన్న భయం ఒకటి ఉంటుంది. “కొంచెం సాఫ్ట్‌గా రాయండి, క్లయింట్ భయపడతాడు” అని ఒక రియల్టర్ ఇన్‌స్పెక్టర్‌తో అనడం నా చెవులతో విన్నాను. ఆ ఒక్క మాటతో అన్ని పరీక్షలూ, ఆ ఫారం, ఆ నిబంధనలూ అన్నీ వృథా అయిపోతాయి. దయచేసి ఆ మాట ఎవరూ అనకండి.

ఆఫర్ గెలవడం కోసం ఆప్షన్ పీరియడ్‌ని మూడు రోజులకు కుదించేటప్పుడు, ఆ మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ దొరుకుతాడా, అవసరమైతే ఫౌండేషన్ ఇంజనీర్ దొరుకుతాడా అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చెదల తనిఖీ వేరే లైసెన్సు కింద జరుగుతుందని, అది ఈ రిపోర్టులో రాదని కూడా చాలామందికి తెలియదు, చెప్పండి. పాత ఇల్లయితే, అమ్మేవాళ్లు ఇంటి గురించి తమకు తెలిసింది రాసిచ్చే సెల్లర్ డిస్‌క్లోజర్ ఫారంలో గత నాలుగేళ్లలో వచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల గురించి అడుగుతారు కదా, ఆ ప్రశ్న దగ్గర ఆగండి. అంతకుముందు ఒకరు కొనబోయి వెనక్కి తగ్గి ఉంటే ఆ కారణం అక్కడే దొరకొచ్చు.

మసాచుసెట్స్‌లో 2025 అక్టోబరు 15 నుంచి, ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే అమ్ముతాననడానికి అమ్మేవాడికి వీల్లేదు. అక్కడి తెలుగువాళ్లకు ఆ ధైర్యం చట్టం ఇచ్చింది. ఇక్కడ ఆ చట్టం లేదు. మా ధైర్యం మీరు చెప్పే మాట మీదే ఆధారపడి ఉంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, రిపోర్టు వచ్చిన రాత్రి ఒక గంట ఆ కుటుంబంతో కూర్చోండి. ముందు డీ ఉన్న పేజీలన్నీ తీయండి. తెలుగులో చెప్పండి. ఇంగ్లిషులో ఉద్యోగాలు చేసేవాళ్లమే అయినా, ఫ్లాషింగ్ అంటే ఏమిటో, వీప్ హోల్స్ ఎందుకు మూయకూడదో, బాండింగ్ లేకపోతే ఏమవుతుందో మాకు తెలియదు. చాలా ఇళ్లకు డబ్బు కట్టేది అమ్మా నాన్నలు కూడా, వాళ్లకు ఆ యాభై పేజీలు అసలు అర్థం కావు. ఏది ప్రాణాలకు ముప్పు, ఏది ఇప్పుడే అమ్మేవాళ్లతో చేయించాలి, ఏది ఇంజనీర్‌కి చూపించాలి, ఏది తర్వాత మనమే స్క్రూడ్రైవర్‌తో చేసుకోవచ్చు, ఇది విడమరిచి చెప్పగలిగింది ఇళ్లు వందల్లో చూసిన మీరే. మా స్నేహితురాలి ఇంట్లో ఆ గంట దొరికి ఉంటే ఐదో రోజు సాయంత్రానికి వాళ్లు ఆ కాంట్రాక్టు వదులుకునేవాళ్లు. పోయేది ఆప్షన్ ఫీజు, ఇన్‌స్పెక్టర్ ఫీజు.

ఫోన్ చేసిన మా బంధువుల అబ్బాయికి ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకొమ్మనే చెప్పాను. షీట్‌రాక్ ఇంకా వేయలేదట, వచ్చే గురువారం ఇన్‌స్పెక్టర్ వెళుతున్నాడు. తననీ, వాళ్ల రియల్టర్‌నీ కూడా ఆ పూట అక్కడే ఉండమన్నాను. రియల్టర్ వస్తానన్నారని నిన్న చెప్పాడు, నాకు చాలా సంతోషమేసింది.

మా పదకొండో నెల రిపోర్టు నా దగ్గర ఉంది. అడ్రసూ పేర్లూ తీసేసి కాపీ సిద్ధంగా పెట్టాను. క్లయింట్లకు చూపించడానికి మీలో ఎవరికి కావాలన్నా, గుడిలో కనిపించినప్పుడు అడగండి, అక్కడికక్కడే పంపిస్తాను. ఊడిన డక్ట్ ఫోటో పదిహేడో పేజీలో ఉంది.

ఇట్లు,
ఫ్రిస్కోలో ఉంటున్న మీ తెలుగు ఆడపడుచు